షుగర్ చుట్టాలు

పొద్దున ఆరున్నర అయిందంటే నీలమ్మ గొంతు నూట అరవై ఇళ్లలో మోగాల్సిందే.

"అందరు లేసిండ్రా? లేవనోళ్లు లేవుండ్రి. నాది పరగడుపున నూట ముప్పై ఎనిమిది. నిన్న పెండ్లిల ఒక జిలేబి తిన్న. అబద్ధమెందుకు, రెండు తిన్న. ఇగ మీ నంబర్లు మీరు పెట్టుండ్రి. సిగ్గుపడకుండ్రి, మనం మనం చుట్టాలం."

ఫిల్మ్‌నగర్ బస్తీలో తన రెండు గదుల ఇంటి గడప మీద కూర్చుని, ఫోను నోటికి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని, రోజూ ఇలాగే చెప్పి వదిలేది నీలమ్మ. ఐదు నిమిషాలు తిరక్కుండా జవాబులు మొదలయ్యేవి. ఒక లైట్‌మన్ నూట తొంభై అని పెట్టేవాడు. జూబ్లీహిల్స్‌లో కారు నడిపే డ్రైవరొకాయన తన ఇడ్లీ ప్లేటు ఫొటో పంపేవాడు. నీలమ్మ దాన్ని పెద్దది చేసి చూసి, "అన్నా, మూడిడ్లీల కింద ఇంకొకటి దాచినవ్. అంచు కనవడుతుంది" అని పట్టేసేది. ఆదివారం వచ్చిందంటే అందరూ తమ అరికాళ్ల ఫొటోలు పెట్టి తీరాలి. పుండు గానీ పగులు గానీ ఉంటే అక్కడే బయటపడేది.

గ్రూపు పేరు 'షుగర్ చుట్టాలు'. పెట్టింది బస్తీ దవాఖాన నర్సు హిమజ. పెట్టించింది మాత్రం నీలమ్మే. రెండేళ్ల కిందట ఆమె చెప్పులోంచి మేకు దిగి బొటనవేలికి గుచ్చుకుంటే, మూడు రోజుల దాకా ఆ సంగతే తెలియలేదు. అంతకుముందు ఆరేళ్లుగా ఉన్న షుగరు పాదాల్లో స్పర్శ లేకుండా చేసింది. వేలు తీసెయ్యాల్సి రావచ్చన్నారు పెద్దాసుపత్రిలో. హిమజ మాత్రం వదలకుండా కట్లు కట్టింది. రాలేని రోజున, "పుండు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపండి ఆంటీ, చూసి చెప్తాను" అంది. అలా నలభై రోజుల ఫొటోల తరువాత వేలు దక్కింది.

"నాకొక్కదానికే ఎందుకు మేడం? నా అసొంటోళ్లు ఈ బస్తీల మస్తుమంది ఉన్నరు" అంది నీలమ్మ. మర్నాడే గ్రూపు మొదలైంది.

నీలమ్మకు చదువు అంతంతమాత్రం కాబట్టి మాటలన్నీ నోటితోనే. సాయంత్రం రోడ్డు పక్కన ఆమె జొన్నరొట్టెల బండి దగ్గరికి వచ్చే కొత్తవాళ్లు కూడా గొంతు విని, "మీరు షుగర్ చుట్టాల నీలమ్మ కదా?" అనేవాళ్లు. 

గ్రూపులో ఆమెకు అందరికన్నా దగ్గరైన మనిషి శారదాదేవి. తెనాలి వైపు నుంచి వచ్చి, ముప్పై ఏళ్లపాటు సినిమాల్లో తల్లి పాత్రలకు డబ్బింగ్ చెప్పి, ఇప్పుడు జూబ్లీహిల్స్ అపార్ట్‌మెంటులో భర్తతో ఉంటోంది. రోజూ రెండు పూటలా ఇన్సులిన్ సూది వేసుకోవాలి. సూదంటే ఆమెకు వణుకు. మొదట్లో నీలమ్మే వీడియో కాల్‌లో కూర్చుని, "పొడుసుకోండమ్మా, నేను చూస్తున్న. కండ్లు మూసుకునేది మీరు కాదు, నేను" అని నవ్విస్తూ వేయించింది.

ఇక నీలమ్మ భర్త పోచయ్య. ముప్పై ఏళ్లుగా జూనియర్ ఆర్టిస్టు. కోర్టులో జనం, పెళ్లిలో జనం, శవయాత్రలో జనం. ఇన్ని సినిమాల్లో ఒక్క డైలాగు దొరకలేదు. ఒకసారి "అవునయ్యా" అనే మాట ఇచ్చారు గానీ, తెర మీదికి వచ్చేసరికి అది ఎగిరిపోయింది. కూతురు మనోజ ఎడిటింగ్ స్టూడియోలో అసిస్టెంటుగా చేరినప్పుడు, "మా నాయిన 'అవునయ్యా' ఎక్కడ పోయిందో దేవులాడనీకి చేరిన" అని అందరికీ చెప్పి నవ్వించేది. పోచయ్య కూడా నవ్వేవాడు, కాని కాస్త ఆలస్యంగా.

అలాంటి పోచయ్య మూడు వారాలుగా మహా ఉషారుగా ఉన్నాడు. మీసానికి రంగు వేశాడు. అద్దం ముందు నిలబడి తనలో తానే ఏదో గొణుక్కునేవాడు.

"ఏందయ్యా సంగతి?" అని నీలమ్మ అడిగితే, "జర ఓపిక పట్టవే. నీకే ఎరుకైతది" అనేవాడు.

ఆ మంగళవారం అతను ఆరింటికే యూనిట్ బస్సెక్కి శంకర్‌పల్లి వైపు షూటింగుకు వెళ్లిపోయాడు. నీలమ్మ తన నంబరు చెప్పి, టీ తాగుతూ జవాబుల కోసం ఎదురుచూసింది. నంబర్లు రాలేదు. ఒక వీడియో వచ్చింది. దాని వెంట ఎవరో ఆడమనిషి గొంతు: "నీలమ్మక్కా, గీయన మీ ఆయన గదా? ఇంత మంచి మందు ఇంట్ల పెట్టుకొని మాకు చెప్పనే లేదేంది?"

నీలమ్మ వీడియో నొక్కింది.

తెల్లచొక్కా వేసుకుని, మెత్తటి సోఫాలో కూర్చుని ఉన్నాడు పోచయ్య. ముఖం మీద లైటు పడి మెరుస్తోంది.

"పన్నెండేండ్ల సంది నాకు షుగరు. పొద్దున లేస్తే కాళ్లు నాయి కావన్నట్టు ఉంటుండె. మంచం దిగినంక పాదంతోని చెప్పు కోసం దేవులాడుడు, దొరికినా దొరికినట్టు ఎరుక కాకపొయ్యేది..." ఇలా చెబుతూ అతను కాలు ముందుకు చాపి, పాదంతో నేలను తడిమాడు. కాసేపటికి ముఖం వెలిగిపోయింది. "ఈ వేర్ల పొడి పదిహేను రోజులు తాగిన. గోలీలు బంద్ జేసిన, సూదులు బంద్ జేసిన. ఇయ్యాల నాకు షుగరే లేదు!"

మనోజ తల్లి భుజం మీంచి చూస్తూ నోరు తెరిచింది. "అమ్మా... ఆరు లక్షల మంది చూసిండ్రు దీన్ని!"

"మీ నాయినకు షుగరెక్కడిది?" అంది నీలమ్మ.

"లేదు. యాక్టింగ్ జేసిండు."

మొదట నీలమ్మకు నవ్వొచ్చింది. ముప్పై ఏళ్లకు మొగుడు నోరు విప్పి అన్ని మాటలు మాట్లాడుతుంటే చూసి వచ్చిన నవ్వు అది. రెండోసారి చూసేసరికి నవ్వు పోయింది. వెంటనే ఫోను నోటి దగ్గర పెట్టుకుంది.

"చుట్టాలూ, జర మంచిగ వినుండ్రి. ఆ వీడియో అబద్ధం. మా ఆయనకు షుగరే లేదు, ఇగ తగ్గుడెక్కడిది? ఎవ్వరు గోలీలు బంద్ పెట్టకుండ్రి. ఇప్పటికే పెట్టినోళ్లు ఉంటే మొహమాటపడకుండ ఇప్పుడే చెప్పుండ్రి."

ముగ్గురు చెప్పారు. ఇద్దరు నిన్ననే మానేశారట. హిమజ వాళ్లను అప్పటికప్పుడు దవాఖానకు రమ్మని రాసింది. పేర్లన్నీ వరసగా చూసుకుంటున్న నీలమ్మకు అప్పుడు తట్టింది. శారదాదేవి నుంచి ఐదు రోజులుగా నంబరు లేదు. చుట్టాలెవరింటికో వెళ్లి ఉంటుందనుకుంది ఇన్నాళ్లూ.

ఫోను చేస్తే ఆమె భర్త పట్టాభిరామయ్య ఎత్తాడు.

"మీరేనా నీలమ్మగారు? మా ఆవిడ ఆస్పత్రిలో ఉందండి. రాత్రంతా వాంతులు. షుగరు ఐదు వందల పన్నెండు ఉందన్నారు." ఆయన గొంతులో మర్యాద అలాగే ఉంది, కోపం దాని కింద కాగుతోంది. "నీలమ్మ భర్తే స్వయంగా చెప్పాడండీ, ఇంక అనుమానమేమిటి అని సూదులు మానేసింది. నేను వద్దన్నా వినలేదు. నా మాట కన్నా మీ ఇంటి మాట మీద నమ్మకం ఎక్కువ ఆవిడకి."

నీలమ్మ టీ గ్లాసు పక్కన పెట్టి లేచింది. మనోజ ఆటో మాట్లాడి ఆస్పత్రికి తీసుకెళ్లింది. శారదాదేవిని అప్పుడే అత్యవసర విభాగం నుంచి గదిలోకి మార్చారు. చేతికి సెలైను, ఎండిపోయిన పెదాలు. ప్రమాదం దాటిందని, మూడు నాలుగు రోజులు ఉండాలని డాక్టరు చెప్పాడు. నిద్రలో ఉన్న ఆమె పాదాల దగ్గర కాసేపు నిలబడి, పట్టాభిరామయ్య వైపు చూడలేక నీలమ్మ బయటికి వచ్చేసింది.

ఆ సాయంత్రం రొట్టెల బండి కదల్లేదు.

ఐదు దాటాక పోచయ్య ఈల వేసుకుంటూ వచ్చాడు. "నీలా! ఇయ్యాల సెట్ల మేకప్పాయన నాతోని సెల్ఫీ దిగిండు, ఎరుకేనా? మీరే గదా ఆ వీడియోల ఉన్నదని..." వాకిట్లో ఖాళీగా నిలబడ్డ బండినీ, భార్య ముఖాన్నీ చూసి ఆగిపోయాడు.

"కూసో" అంది నీలమ్మ. "ఎన్నేండ్ల సంది ఉంది నీకు షుగరు?"

పోచయ్య మీసం దువ్వుకున్నాడు. "చూసినవా? అది యాక్టింగ్ నీలా. యాడ్. గందరికి ఎరుకే."

"ఎవలికి ఎరుక? అది యాక్టింగని ఏడన్న రాసిండ్రా?"

మనోజ ఫోను చూపించింది. "రాసిండ్రు నాయినా. 'నిజమైన రోగి, నిజమైన అనుభవం' అని రాసిండ్రు."

పోచయ్యకు ఆ సంగతి తెలియదు. ఫోను తీసుకుని అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. "నాకు గట్ల చెప్పలె. ఆ డైరెక్టర్ సాయిశ్రీనివాస్ సారు, ఆయుర్వేదం యాడ్ అన్నడు, అంతే."

"గోలీలు బంద్ జేసిన అని చెప్పినవ్ గద నీ నోటితోని! అప్పుడు నేను యాదికి రాలేదా నీకు? దినాం నా గోలీలు అందిచ్చేది నువ్వే గదనయ్యా!"

పోచయ్య ఫోను మనోజ చేతికి తిరిగి ఇచ్చేశాడు.

"ఇంకొకటి అడుగుత. ఆ చెప్పు కోసం దేవులాడుడు ఎవలిది? పొద్దున లేచి కాళ్లు నాయి కావనుకునేది ఎవలు? నాది గదా అది! నా బాధ నేను ఎవ్వలకు చెప్పుకోలె. నీకు గూడ చెప్పలె. దాన్ని తీస్కపోయి, లైట్లు పెట్టి, ఊరందరికి చూపెట్టొచ్చినవ్ నువ్వు."

"నీలా..."

"శారదమ్మ దవాఖానల పడ్డది. నీలమ్మ మొగడే చెప్పిండని సూది బంద్ పెట్టింది. రెండేండ్ల సంది నేను సంపాయించుకున్న నమ్మకం, నువ్వు రెండు నిమిషాలల్ల ఖతం జేసినవ్."

పోచయ్య అరుగు మీద కూర్చుండిపోయాడు.

"ఒక్కసారి, ముప్పయ్యేండ్లల్ల ఒక్కసారి నాకు మైకు పెట్టిండ్రు నీలా. నేను మాట్లాడుతుంటె అందరు సప్పుడు చెయ్యకుండ నిలవడ్డరు. ఆ మందేందో అడగాలని తోచలె." తల అడ్డంగా ఊపాడు. "లే, అబద్ధం. తోచింది. అడిగితే నన్ను లేపి ఇంకొకన్ని కూసోవెడ్తరని భయమైంది. అందుకే అడగలె. నీకు చెప్పలేంది గూడ గందుకే."

ఆ మాట వింటే నీలమ్మకు కోపంతో పాటు జాలి కూడా కలిగింది. జాలి కలిగినందుకు తన మీద తనకే ఒళ్లు మండి, లేచి లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున ఆమె లేచేసరికి పోచయ్య ఇంట్లో లేడు. మంచి కాటన్ చొక్కా వేసుకుని వెళ్లాడని మనోజ చెప్పింది. నీలమ్మ రెండు జొన్నరొట్టెలు, బీరకాయ కూర డబ్బాలో సర్దుకుని మధ్యాహ్నానికి ఆస్పత్రికి చేరింది. గది తలుపు దగ్గరే ఆగిపోయింది. లోపల పోచయ్య చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"...ఆ యాడ్ తీసినోళ్ల ఆఫీసుకే పోయొచ్చిన అమ్మా. వీడియో తీసెయ్యుండ్రని కాళ్లు వట్టుకున్నంత పని జేసిన. అది కంపెనీ చేతిల ఉంది, మేమేం చెయ్యలేమన్నరు. బయట ఏమన్న మాట్లాడితే ఏజెంట్లకు చెప్పి, నాకు జనంల నిలవడే పని గూడ లేకుండ జేస్తమన్నరు. మీకు నా ముఖం ఎట్ల చూపెట్టాల్నో తెలుస్తలేదు. తిట్టుండ్రి."

పట్టాభిరామయ్య కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడ్డాడు. శారదాదేవి దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. ముఖంలో నీరసం ఉన్నా గొంతు మాత్రం చెక్కు చెదరలేదు.

"తిట్టడానికి ఓపిక లేదు గాని పోచయ్యగారూ, ఒక సంగతి చెప్తాను. ముప్పై ఏళ్లు నేను ఇతరుల ఏడుపు ఏడ్చి బతికినదాన్ని. తెర మీద ఎవరు దొంగ ఏడుపు ఏడ్చినా ఇట్టే పట్టేస్తాను. మీది పట్టలేకపోయాను. ఆస్పత్రిలో పడుకుని అదే ఆలోచించాను, ఎందుకు పట్టలేకపోయానా అని."

"నేను నటించిన గదమ్మా, అందుకే..."

"కాదండీ. ఆ పొడి గురించి చెప్పేటప్పుడు మీరు నటించారు. మళ్లీ చూశాను, అక్కడ తేలిపోయారు. ఆ ముందు భాగం, కాళ్ల సంగతి చెప్పారే, అది నటన కాదు. ఆ బాధ ఎవరిదో మీరు రోజూ దగ్గరుండి చూశారు. మనసు కోసుకుపోయేలా చూశారు. లేకపోతే అలా రాదు. అది నిజం కాబట్టే, దాని వెనకొచ్చిన అబద్ధాన్ని కూడా నమ్మేశాను."

పోచయ్య గోడకు ఆనుకున్నాడు. "చూస్తనే ఉంటనమ్మా. ఎనిమిదేండ్ల సంది దినాం పొద్దున చూస్త. అది లేచి చెప్పు కోసం పాదంతోని దేవులాడుతుంటే, నేను నిద్రవోయినట్టు వండుకొని చూస్త. లేచి తొడుగుదామనిపిస్తది. తొడిగితే దానికి చిన్నతనమైతదేమో అని ఊకుంట. ఆ దినం కెమెరా ముంగట ఏం జెయ్యాల్నో తెల్వక, అదే జేసిన."

తలుపు దగ్గర డబ్బా పట్టుకుని నిలబడ్డ నీలమ్మకు కళ్లు కనబడలేదు. ఎనిమిదేళ్లుగా పొద్దున్నే ఆ మంచం పక్కన తను ఒంటరిగా పడే అవస్థ ఎవరికీ తెలియదనుకుంది. పక్కనే గురక పెడుతున్నాడనుకున్న మనిషి ఒక్క రోజు కూడా నిద్రపోలేదట.

ముక్కు చీదిన చప్పుడుకు ముగ్గురూ ఇటు తిరిగారు.

"ఏడిస్తే ఏడిచావు గాని, రొట్టె తెచ్చావా నీలమ్మా?" అంది శారదాదేవి. "ఇక్కడి ఉప్మా తినలేక చచ్చిపోతున్నాను."

పట్టాభిరామయ్య కూడా నవ్వాపుకోలేకపోయాడు. తనే కుర్చీ జరిపి, "కూర్చోండి పోచయ్యగారూ" అన్నాడు.

"కూసోను సార్. పని ఉంది" అన్నాడు పోచయ్య. "ఏ నోటితోని చెప్పిన్నో, ఆ నోటితోనే మల్ల చెప్త. పని పోతే పోనియ్. మా ఆమె రొట్టెలు గొడితే నేను పొయ్యి ఊదుత."

ఆదివారం పొద్దున టిఫిన్లయ్యాక వాళ్ల వాకిట్లోనే షూటింగు. మనోజ ఫోనును స్టూలు మీద నిలబెట్టి, వెలుతురు కోసం తెల్ల దుప్పటి ఒకటి తాడు మీద ఆరేసింది. హిమజ సెలవు రోజైనా షుగరు చూసే మీటరు పట్టుకుని వచ్చింది. గోడ మీంచి సగం బస్తీ తొంగిచూసింది. 

పోచయ్యకు మాట రాలేదు.

"నా పేరు పోచయ్య. నేను... నేను... అరె, మల్ల మొదటిసంది."

పదకొండుసార్లు మొదటినుంచే అయింది. "ఎవరన్న రాసియ్యుండ్రి, చెప్త. సొంతంగ నాకేం వస్తది?" అని విసుక్కున్నాడు. "నీ నోట్లె ఉన్న మాటలు మేమెట్ల రాయాలె నాయినా?" అంది మనోజ. నీలమ్మ మంచినీళ్లిచ్చి, తువ్వాలుతో ముఖం తుడిచి పంపింది. అయినా లాభం లేకపోయింది.

చివరికి హిమజకు ఒక ఉపాయం తోచింది. "అంకుల్, మాటలు తరువాత. ముందు మీ వేలికి పరీక్ష చేసి చూపిద్దాం. మీకు అసలు షుగరే లేదని అందరూ కళ్లారా చూస్తారు. అప్పుడు ఆ వీడియో అబద్ధమని దానంతటదే తేలిపోతుంది."

అందరికీ నచ్చింది. మనోజ ఫోను దగ్గరికి జరిపింది. హిమజ వేలు తుడిచి, సూది గుచ్చి, రక్తపు చుక్క పట్టీకి అంటించింది. పోచయ్య కెమెరా వైపు చూసి తొలిసారి ధైర్యంగా, "చూడుండ్రి, నాకు షుగరు లేదు, ఎన్నడు లేదు" అన్నాడు.

మీటరు కూసింది. హిమజ దాన్ని చూసి, అంకె బయటపెట్టకుండా, చెయ్యి కడుక్కోమని చెప్పి, ఇంకో వేలికి మళ్లీ పరీక్ష చేసింది. మళ్లీ అదే.

"ఎంత మేడం?" అడిగింది నీలమ్మ.

"రెండు వందల ఎనభై ఆరు."

"మీటరు ఖరాబైనట్టుంది" అన్నాడు పోచయ్య.

"లేదు అంకుల్. ల్యాబ్‌లో మళ్లీ చూద్దాం. కాని... మీకు ఉన్నట్టే ఉంది. ఎన్నాళ్ల నుంచి ఉందో కూడా చెప్పలేం."

మనోజ చెయ్యి ఫోను ఆపడానికి ముందుకెళ్లింది.

"ఆపకు బిడ్డా" అన్నాడు పోచయ్య. మీటరు మీది అంకెను కాసేపు చూస్తూ కూర్చున్నాడు. తరువాత తలెత్తాడు. ఈసారి ఆగలేదు.

"చూసిండ్రా? దొంగ షుగరు చూపెట్టిన, అసలుది వచ్చి కూసుంది. ఆ వీడియోల నేను చెప్పింది ఒక్క ముక్క నిజం గాదు. నాకు రాసిచ్చిండ్రు, నేను చెప్పిన. డైలాగు మీద పాణం పోయి చెప్పిన. నా మాట ఇని ఒక తల్లి సూది బంద్ పెట్టింది, సావు దాక పోయొచ్చింది. గోలీలు, సూదులు డాక్టర్ని అడగకుండ బంద్ పెట్టకుండ్రి, మీ కాళ్లు మొక్కుత. రేపటిసంది నేను గూడ మింగుత. మా ఇంట్ల మాస్టరమ్మ ఉంది, చూపెడ్తది. కాళ్లు తిమ్మిర్లు ఎక్కేది నాకు గాదు, మా నీలమ్మకు. ఎనిమిదేండ్ల సంది అట్లనే లేచి, అట్లనే నిలవడి రొట్టెలు గొట్టి, నూట అరవై మందికి ధైర్యం చెప్తది. దాని బాధ నేను నాదని చెప్పుకున్న. తప్పైంది నీలా."

నీలమ్మ దుప్పటి వెనక్కి వెళ్లిపోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో బయటివాళ్లకు తెలియలేదు. ఆమెకూ తెలియలేదు.

మనోజ ఒక్క మాట కూడా కత్తిరించకుండా, ఆ పదకొండు తప్పులను మాత్రం తీసేసి, గంటలో వీడియో గ్రూపులో పెట్టింది. చుట్టాలు ఊరుకోలేదు. లైట్‌మన్ వాళ్ల యూనియన్ గ్రూపులో పడేశాడు. డ్రైవరు జూబ్లీహిల్స్ డ్రైవర్లందరికీ పంపాడు. మోతీనగర్, ఎర్రగడ్డ, టోలిచౌకి, ఎక్కడెక్కడి ఫోన్లలోనో పోచయ్య మోగాడు. శారదాదేవి ఇంటికి చేరిన రోజే తన గొంతుతో రెండు మాటలు చేర్చి, డబ్బింగ్ వాళ్లందరికీ పంపింది: "నేనే ఆ సూది మానేసిన తెలివితక్కువ దాన్ని. బతికి చెప్తున్నాను, వినండి." వారం తిరిగేసరికి పాత వీడియో కనబడకుండా పోయింది. కంపెనీయే తీసేసిందో, ఫిర్యాదులు ఎక్కువై పోయిందో ఎవరికీ తెలియదు.

యాడ్ ఆఫీసువాళ్లు అన్నంత పనీ చేశారు. నెల రోజులు పోచయ్యకు ఒక్క పిలుపు రాలేదు. అతను నిజంగానే రొట్టెల పొయ్యి దగ్గర కూర్చున్నాడు. రొట్టెలు మాడ్చి తిట్లు తిన్నాడు. ల్యాబ్ రిపోర్టులో కూడా షుగరని తేలాక మొదటి రెండు రోజులు ముఖం వేలాడేసుకుని, "నీలా, నా కండ్లు పోతయా? కిడ్నీలు పోతయా?" అని గంటకోసారి అడిగాడు. 

"ముందు నా చెవులు పోతయి నీ ప్రశ్నలకు" అంది నీలమ్మ. "లే, నడువు."

అప్పటినుంచి ఇద్దరూ పొద్దున్నే కేబీఆర్ పార్కు బయటి బాట మీద నడవడం మొదలుపెట్టారు. మొదట్లో పోచయ్య పరుగులాంటి నడకతో ముందుకు వెళ్లిపోయి, వెనక్కి తిరిగి చూసి, నాలిక కరుచుకుని ఆగేవాడు. ఇప్పుడు ఆమె అడుగులోనే అడుగేస్తున్నాడు. ఇంట్లో బయలుదేరేముందు నీలమ్మ మంచం అంచున కూర్చుంటే, అతనే వంగి ఆమె పాదాలకు చెప్పులు తొడుగుతున్నాడు. మొదటి రోజు ఆమె కాలు వెనక్కి లాక్కుంది. రెండో రోజు లాక్కోలేదు.

ఒక పొద్దున కాసేపు నడిచి బెంచీ మీద కూర్చున్నారు. ట్రాక్ సూటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన వాళ్లను దాటిపోయి, మళ్లీ వెనక్కి వచ్చాడు.

"ఏమండీ, మిమ్మల్ని ఎక్కడో చూశాను. ఆ వీడియోలో ఉన్నది మీరే కదూ? షుగరు పోయిందని చెప్పారు!"

"పోలె సార్" అన్నాడు పోచయ్య. "వచ్చింది."

ఆయన తెల్లబోయి చూశాడు. తరువాత గొంతు తగ్గించి, "నిజమా? ఆ పొడి డబ్బా ఇప్పటికీ మా ఇంట్లో ఉందండీ. మాత్రలు మానేసి నెల దాటింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఈమధ్య చూపు మసకగా ఉంటోంది" అన్నాడు.

పోచయ్య వెంటనే పక్కకు జరిగి ఆయన్ను కూర్చోబెట్టాడు. మీటరు మాట చెప్పాడు, శారదాదేవి మాట చెప్పాడు, గ్రూపు మాట చెప్పాడు, తన భయం ఎలాంటిదో కూడా దాచకుండా చెప్పాడు. ఎవరూ రాసివ్వలేదు, ఎవరూ మైకు పెట్టలేదు. ఆ మనిషి చెయ్యి తన చేతిలోకి తీసుకుని, "ఇయ్యాలనే దవాఖానకు పోదాం సార్, నేను తోలుకపోత. భయపడకుండ్రి, నాకు గూడ మస్తు భయమైంది" అంటుంటే, పెద్దమనిషి చిన్నపిల్లాడిలా తల ఊపాడు.

నీలమ్మ అతన్నే చూస్తూ కూర్చుంది. ముప్పై ఏళ్లు ఏ సినిమాలోనూ వినని మాటలు. మధ్యలో ఆమె ఒక్క మాట కూడా అందించలేదు. అవసరం రాలేదు.

అన్నీ విన్నాక ఆయన, "మీరేదో గ్రూపని అన్నారు కదా, నన్ను కూడా చేర్చుకుంటారా?" అని అడిగాడు.

నీలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని ఫోను తీసింది.

"చెప్పుండ్రి అన్నా, మీ నంబరు."